వీల్‌ఛైరుకు గాలం స్టాండు: ఐదో ప్రయత్నం

శనివారం ఉదయం టెక్సస్‌లోని లూయిస్‌విల్ సరస్సు దగ్గర వీల్‌ఛైరుకు బిగించి గాలం కర్రను నిలిపే మా నాలుగో స్టాండు కూడా నిలవలేదు. సుమారు ఐదు పౌండ్ల క్యాట్‌ఫిష్ పడింది. రీలు తిప్పిన ప్రతిసారీ కర్ర కొస అటూ ఇటూ ఊగి, దారం వదులై, చేప తప్పించుకుపోయింది. మా మిత్రుడు ఇరాక్‌లో బాంబు పేలుడులో రెండు కాళ్లనూ, మోచేతి పైదాకా కుడి చేతినీ కోల్పోయిన అమెరికా సైన్యపు మాజీ సార్జెంటు. ఆయన ఏమీ అనకుండా మళ్లీ ఎర గుచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మిగిలినవన్నీ కుదిరాయి. ఒడిలోని పలకకు బిగించిన చిన్న క్లాంపు ముల్లును పట్టి ఉంచితే ఆయన ఒంటి చేత్తోనే ఎర గుచ్చుతున్నారు, ఆ చేత్తోనే విసురుతున్నారు. ఓనర్ కంపెనీ సర్కిల్ హుక్ (మొన లోపలికి వంగిన ముల్లు) వాడిన నాటి నుంచి కర్రను ఎగదీసే అవసరం లేకుండానే చేప నోటి మూలలో ముల్లు దిగుతోంది. అయితే ఆ ముల్లుకు దారం ఎప్పుడూ బిగువుగా ఉండాలి, మాకు కుదరనిది అదే.

విసిరిన తరువాత కర్రను కుడి ఆర్మ్‌రెస్టుకు బిగించిన గొట్టంలో నిలిపి ఎడమ చేత్తో రీలు తిప్పాలి. అది ఒకటిన్నర అంగుళాల షెడ్యూల్ 40 మందం పీవీసీ గొట్టం, పొడవు 12 అంగుళాలు, వాలు 40 డిగ్రీలు. వికలాంగులకు అనువుగా కట్టే చేపల పియర్లలో (నీటి మీదికి కట్టిన వేదికల్లో) రెయిలింగు కనీసం పావు భాగం 34 అంగుళాల ఎత్తు మించకూడదని అమెరికా ప్రమాణం. ఆ ఎత్తును దాటడానికే ఈ వాలు. ఇన్నాళ్లూ తప్పు బిగింపుదేనని నమ్మి, మొదట హోస్ క్లాంపులు, తరువాత వాటి కింద సైకిల్ ట్యూబు రబ్బరు, ఆపైన యూ బోల్టులు, చివరికి కయాకులకు (చిన్న తెడ్డు పడవలకు) వాడే బంతి కీలు స్టాండు మార్చి మార్చి చూశాను.

ఆదివారం గ్యారేజీలో, కర్ర వంగితే కొలత తప్పుతుంది కనుక గొట్టంలో చెక్క బద్దను దోపి, ఆర్మ్‌రెస్టు కాలి నుంచి 84 అంగుళాల దూరంలో దాని కొసకు లగేజీ తూచే వేలాడే త్రాసును తగిలించి పక్కకు లాగాను. లాగే ముందు క్లాంపు మీదుగా ఆర్మ్‌రెస్టు కాలి మీదికి మార్కరుతో గీత గీశాను. ఒక్క పౌండుకే కొస తొమ్మిది అంగుళాలు కదిలింది, నాలుగు పౌండ్లకు పదకొండు. గీత మాత్రం చెక్కుచెదరలేదు. అంటే క్లాంపు ఎన్నడూ జారలేదు. ఈ ఆర్మ్‌రెస్టు ఒకే కాలి మీద నిలుస్తుంది, ఆ కాలే తన తొడుగులో ఆరు డిగ్రీలు తిరుగుతోంది. ఒక్క డిగ్రీకి కొస దగ్గర దాదాపు ఒకటిన్నర అంగుళాలు కనుక లెక్క సరిపోయింది. చెయ్యి ఆనించుకోవడానికి చేసిన వస్తువు మీద ఏడడుగుల మీట బలాన్ని మోపడం నా పొరపాటు.

కోనసీమ కాలువ గట్టున మా తాతయ్య కర్ర మొదలును బురదలో గుచ్చి, ముందు పంగల కర్రను నాటేవారు. రెండు ఆనికలు కావాలన్న సంగతి నాకు చిన్ననాటి నుంచీ తెలిసినదే. ఇప్పుడు ఆర్మ్‌రెస్టు కాలికి ఏడు అంగుళాల ముందు, గొట్టం నుంచి కుర్చీ ఫ్రేముకు అంగుళం చదరపు అల్యూమినియం ఊతాన్ని యూ బోల్టులతో బిగించాను. అది ఆయన నిత్యం వాడే కుర్చీ కనుక ఫ్రేముకు రంధ్రం వేయలేదు. నాలుగు పౌండ్లకు కదలిక రెండు అంగుళాలకు తగ్గింది.

కాని కారులోకి జరగాలంటే ఆర్మ్‌రెస్టును పైకి లాగి తీయాలి, ఊతం దానిని కదలనివ్వదు. బోల్టులు విప్పడానికి ఏడు నిమిషాలు పట్టింది, అంతసేపు ఆయనను ఎండలో కూర్చోబెట్టలేను. కనుక ఊతానికి పావు అంగుళపు పిన్ను పెడతాను. రంధ్రంలో అంగుళంలో 64వ వంతు ఖాళీ మిగిలినా కొస దగ్గర కదలిక పావు అంగుళంలోపే ఉంటుంది.

బ్యాటరీ రీలు కొనమని కొందరు చెప్పారు. తన చేత్తో తిప్పి ఒడ్డుకు తెచ్చిన చేపే తనదని ఆయన అంటారు, నేనూ ఆ పక్షమే. ఆయన వాడే షిమానో కంపెనీ 2500 సైజు రీలుకు లావైన గుండ్రని పిడి వేస్తే చాలు.

నవంబరులో జింకల వేటకు వెళ్లాలని ఆయన కోరిక. సైనిక సేవలో కలిగిన వైకల్యం 50 శాతం, అంతకు మించి ఉన్నవారికి టెక్సస్ వేట, చేపల లైసెన్సును ఉచితంగా ఇస్తుంది కనుక ఆయనకు ఆ చిక్కు లేదు. 1971 సెప్టెంబరు 2న గాని, ఆ తరువాత గాని పుట్టినవారు వేట శిక్షణ పొందాలి, కనుక ముందు నేను ఆ కోర్సు పూర్తి చేయాలి. రైఫిల్ వెనక్కి తన్నే దెబ్బకు ఈ ఊతం చాలదు. దానికి నేల మీద నిలిచే ముక్కాలి స్టాండు వేరుగా చేస్తాను.