రియో సూత్రం, పంచాయతీ మినిట్స్

1992 జూన్‌లో రియో డి జనీరోలో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు ఆమోదించిన ప్రకటనలోని పదో సూత్రం ప్రకారం పర్యావరణ నిర్ణయాలపై ప్రజలకు సమాచారం అందాలి, అందులో పాల్గొనే అవకాశం ఉండాలి, న్యాయం కోరే దారీ ఉండాలి. ఆ సూత్రం మా ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఒక షామియానా కింద, ‘ప్రజాభిప్రాయ సేకరణ’ అని రాసిన ఫ్లెక్సీ ముందు అమలవుతుంది.

అంతర్జాతీయ ప్రకటనలు మన చట్టాలకు దూరమైనవేమీ కావు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం పీఠికలోనే 1972 స్టాక్‌హోమ్ సదస్సు ప్రస్తావన ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలకు ముప్పు తెచ్చే పరిశ్రమపై వచ్చిన ఎం.వి. నాయుడు కేసులో, హాని జరగదని నిరూపించే భారం పరిశ్రమ పెట్టదలచిన వారిదేనని సుప్రీంకోర్టు 1999లో చెప్పింది.

చిక్కంతా అమలులోనే ఉంది. ప్రాజెక్టుల పర్యావరణ ప్రభావాన్ని ముందే అంచనా వేయాలనే 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, ఆ అంచనా నివేదిక సారాంశాన్ని తెలుగులోనూ అందుబాటులో ఉంచాలి, చివర్లో మినిట్స్‌ను, అంటే సభలో ఎవరేమన్నారో రాసుకున్న నమోదును, సభికులకు వారి భాషలో చదివి వినిపించాలి. హాజరుకు కోరం అక్కర్లేదని కూడా అందులోనే ఉంది. పది మందే వచ్చినా సభ జరిగినట్టే లెక్క.

ఈ మధ్య ఒక సున్నపురాయి గని విస్తరణపై జరిగిన సేకరణకు వెళ్లాను. తెలుగు సారాంశం కొద్ది పేజీలే. భూగర్భ జలాల కొలతలు, పేలుళ్ల వివరాలు మాత్రం దుమ్ముపట్టిన ఇంగ్లిషు నివేదికలో ఉన్నాయి. ఒక రైతమ్మ మైకు అందుకొని, “సారూ, మీరు బ్లాస్టింగులు చేస్తే మా బోరు ఎండిపోతది, దానికి ఎవలు జిమ్మేదారి?” అని నిలదీసింది. మినిట్స్‌లో అది ‘భూగర్భ జలాలపై ఆందోళన వ్యక్తం చేశారు’ అని ఒక్క ముక్కలో తేలిపోయింది, దాని ఎదురుగా ‘నిబంధనల మేరకు చర్యలు తీసుకుంటాం’ అన్న యాజమాన్యం జవాబు చేరింది. బోరు ఎక్కడుంది, ఎంత లోతు, ఎన్ని ఎకరాలు పారుతుంది అన్నవేవీ కాగితం మీదికి రాలేదు. రేపు నష్టం జరిగిందని వాదించాలంటే అవసరమయ్యేవి సరిగ్గా అవే.

అలాగని ఈ సభలన్నీ వట్టి తంతు అని నేను అనను. నాగార్జునసాగర్ దగ్గరి లంబాపూర్, పెద్దగట్టు యురేనియం తవ్వకాల ప్రతిపాదనపై 2003లో జరిగిన సేకరణలో వినిపించిన వ్యతిరేకత ఎంత గట్టిదో ఈ ప్రాంతం వారికి గుర్తుంది. అయితే అలాంటి కదలిక ప్రతి చిన్న గనికీ రాదు.

అందుకే ఇలాంటి చోట అభ్యంతరాన్ని రాతపూర్వకంగా, సర్వే నంబరు, బోరు లోతుతో సహా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. పర్యావరణ అనుమతి వచ్చాక పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు గడువు 30 రోజులే. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు ఇస్తారు. మనకు వర్తించే దక్షిణ మండల ధర్మాసనం చెన్నైలో ఉంది, అక్కడి వాదనలు ఇంగ్లిషులో సాగుతాయి. పంచాయతీ కార్యాలయంలో అతికించాల్సిన మినిట్స్ ప్రతిని, ఆ తర్వాత వచ్చే అనుమతిని ఎవరూ చూసుకోకపోతే ఆ 30 రోజులు నాట్ల పనుల్లోనే గడిచిపోతాయి.