మెరిసే బిళ్ల మీద 904

మాది అనంతపురం పాతూరులో చాక్లెట్లు, బిళ్లలు, బిస్కెట్ల హోల్‌సేల్ అంగడి. ఈమధ్య ఒక పెద్దామె మనవడి పుట్టినరోజుకు బిళ్లలు తీసుకోవడానికొచ్చి, ఫోన్ చూపించి అడిగింది: "ఏం నాయనా, వీటికి పురుగుల బంక పూస్తారంట గదా, నిజమేనా?"

కొన్నిటికి నిజమే పెద్దమ్మా, అన్నాను. ప్యాకెట్ వెనక పదార్థాల వరుసలో ఎక్కడో చివర, భూతద్దం పెట్టి చూడాల్సినంత చిన్న అక్షరాల్లో 'గ్లేజింగ్ ఏజెంట్ 904' (అంటే మెరుపు పూత) అని ఉంటే అది షెల్లాక్. కంసాలి నగల్లో నింపే లక్క నుంచే వస్తుంది. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో మోదుగ, రేగు కొమ్మలకు లక్క పురుగులు గుంపులుగా అంటుకుని రసం పీలుస్తాయి. ఒంటి మీద బంక పొర కట్టుకుని దాని కిందే బతుకుతాయి. ఆ కొమ్మలు కోసి, పొర గీకి, నలగ్గొట్టి కడిగితే ఎర్ర రంగు దిగిపోతుంది. కరిగించి వడగడితే తేనెరంగు రేకులు మిగులుతాయి. ఈ పనిలో పురుగులు చచ్చిపోతాయి. అమ్ముకునేవాణ్ణి కదా అని ఆ మాట దాచను.

తింటే ప్రమాదమా అంటే, భయపడాల్సిన పని లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 1992లోనే, వాడుతున్న తీరులో విషభయం లేదని తేల్చింది. 2024లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ మళ్లీ పరిశీలించి, లక్కలోని మైనం తీసేసి బ్లీచింగ్ లేకుండా రంగు తొలగించిన రకానికి రోజుకు ఒంటి బరువులో కిలోకు 4 మిల్లీగ్రాములు హద్దు పెట్టింది. అంటే 20 కిలోల బిడ్డకు 80 మిల్లీగ్రాములు. మైనం ఉన్న రకానికి ఈ హద్దు వర్తించదని కూడా ఆ నివేదికే చెప్పింది.

ఇదంతా తిండికి పనికొచ్చేలా శుద్ధి చేసిన లక్క మాట. హార్డ్‌వేర్ అంగట్లో చెక్క పాలిష్‌కు అమ్మేది వేరు. దాన్ని కలిపే స్పిరిట్ తాగడానికి పనికిరాదు. ఇంట్లో కేకులు, మిఠాయిలు చేసి అమ్మే మా చెల్లెళ్లు మెరుపు కోసం దాని జోలికి పోవద్దు.

నా బాధ వేరే. మన దేశపు 2020 ఆహార లేబులింగ్ నిబంధనల్లో ఏది మాంసాహారమో చెబుతూ పాలు, తేనెతో పాటు షెల్లాక్‌నూ మినహాయించారు. కాబట్టి 904 ఉన్న ప్యాకెట్ మీదా పచ్చ చుక్కే ఉంటుంది. చట్టప్రకారం అది తప్పు కాదు. కానీ ఆ పెద్దామె ఏకాదశి ఉపవాసాలుండే మనిషి. పచ్చ చుక్క చూసే కొంటుంది. పదార్థం పేరు రాసినా సరే, నంబరు రాసినా సరే అని నిబంధన ఉంటే, చాలామంది నంబరుతోనే సరిపెడతారు. ఆ నంబరు చూసి ఆమెకు ఏం తెలుస్తుంది? పండ్ల మీద మైనం పూత వేస్తే ఏ మైనమో పేరుతో సహా చెప్పాలని నిబంధన ఉంది. బిళ్లలకు మాత్రం ఎందుకు వద్దు?

అంగట్లో 904 లేని సరుకును ఇప్పుడు వేరే అరలో పెట్టాను. అడిగినవాళ్లకు ప్యాకెట్ తిప్పి చూపిస్తున్నాను. లేబుల్ నిబంధనలు మార్చే ముందు ముసాయిదా పెట్టి జనం అభిప్రాయాలు అడుగుతారు. ఈసారి అడిగినప్పుడు నంబరుతో పాటు 'లక్క' అని పేరు కూడా తప్పనిసరి చెయ్యమని రాస్తాను. మీరూ రాయండి.