శాన్ సీరో పైకెక్కితే

ఇటలీలోని మిలాన్‌లో శాన్ సీరో ఫుట్‌బాల్ స్టేడియం చూసొచ్చాను. మ్యాచ్ సంగతి సరే, నా కళ్లు కట్టడం మీదే ఉన్నాయి. 1926లో మొదలైనప్పుడు అది మామూలు గ్రౌండే. 1955 కల్లా పాతదాన్ని కూల్చకుండా దాని చుట్టూ రెండో అంతస్తు లేపారు. పైకి వెళ్లే ర్యాంపులే బయటి గోడలా చుట్టుకుని ఉంటాయి. దూరం నుంచి ఆ అడ్డగీతలు అలంకారం అనుకుంటాం, దగ్గరికెళ్తే వాటి మీద జనం నడుస్తుంటారు!

1990 ప్రపంచ కప్ కోసం మూడో అంతస్తు, అదీ మూడు వైపులే. దాని బరువు మోయడానికి బయట 11 గుండ్రటి కాంక్రీట్ టవర్లు నిలబెట్టారు. మూలల్లోని నాలుగు ఇంకా పైకి లేచి, కప్పును మోసే ఎర్రటి ఉక్కు దూలాలను పట్టుకుంటాయి. టవర్ చుట్టూ తిరుగుతూ పైకెక్కేసరికి నాకు ఆయాసం, మా ఆవిడకు కోపం. పైన సీట్లు బాగా నిటారుగా ఉంటాయి, కిందకి చూస్తే కాస్త టెన్షనే. కానీ ఆట మొత్తం అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది.

నష్టపోయింది గడ్డి. కప్పు వచ్చాక ఎండ, గాలి తగ్గి మైదానం మాటిమాటికీ పాడయ్యేది. 2012లో ప్లాస్టిక్ పోగులు కలిపిన గడ్డి వేయాల్సి వచ్చింది. ఇంత పైకి ఆలోచించిన ఇంజనీర్లకు కింద గడ్డి గుర్తు రాలేదేమో మరి.