హత్య సులువే, పంచనామానే కష్టం

మా చిన్నాయన ఇరవై ఏళ్లకు పైగా స్టేషన్ రైటర్‌గా చేసి రిటైరయ్యాడు. ఎఫ్ఐఆర్ మొదలు చార్జిషీటు దాకా పోలీస్ స్టేషన్‌లో కాగితాలన్నీ రాసే మనిషినే స్టేషన్ రైటర్ అంటారు. నేను క్రైమ్ నవల మొదలుపెట్టానని చెబితే, "నేను రాసినన్ని హత్యలు నువ్వు రాయలేవు బిడ్డా" అని నవ్వాడు.

అప్పటికి నా దగ్గర నూట పది పేజీలున్నాయి. పొద్దున ఐదింటికి లేచి, ఏడింటి దాకా రాసి, వంట కానిచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి బ్యాంకుకు పోయేదాన్ని. కథ జరిగేది మే నెలలో. తాళం వేసిన ఫ్లాట్‌లో శవం. రెండు రోజులకు తలుపు పగలగొడితే కట్టెలా బిగుసుకుని కనిపిస్తుంది. ఆ బిగుసుకోవడాన్ని ఒక పేజీ నిండా వర్ణించాను కూడా.

చిన్నాయన సరిగ్గా అక్కడే ఆగాడు. "మే నెలలో రెండు రోజులా? పక్కింటోళ్లకు వాసనే రాలేదా?"

ఆ ఆదివారం కోఠిలో పాత పుస్తకాల షాపుకు పోయి ఫోరెన్సిక్ మెడిసిన్ పాఠ్యపుస్తకం కొన్నాను. (ఎవరో మెడికల్ స్టూడెంట్ సగం పుస్తకానికి పసుపు రంగు పూసేశాడు.) మన ఎండలకు శవం ఎంత తొందరగా బిగుసుకుంటుందో అంత తొందరగా వదులవుతుంది. ఎండాకాలంలో 12 నుంచి 18 గంటల్లోనే కుళ్లడానికి గుర్తుగా పొత్తికడుపు కుడివైపు ఆకుపచ్చ మచ్చ మొదలవుతుంది. నేను ఇంగ్లీషు నవలల్లో చూసినవన్నీ చలిదేశపు శవాలు! ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

శవాన్ని వానాకాలానికి జరిపాను. ఇంతలో 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు 302 పోయి 103 అయింది. మొదట చిరాకేసింది. మనకు 420 అనేది ఒక సెక్షనా? అదొక తిట్టు. "వాడొట్టి 318" అంటే ఎవరికి అర్థమవుతుంది? తర్వాత ఒక రాత్రి ఆలోచన తట్టింది: హత్యను జూన్ 30 అర్ధరాత్రికి పెడితే? పన్నెండు లోపల అయితే పాత చట్టం, దాటితే కొత్తది. పోలీసులు తప్పు సెక్షన్ పెడతారు, హంతకుడు దర్జాగా బయటపడతాడు. మూడు నెలలు ఇదే మలుపును నమ్ముకుని రాశాను.

తెలిసిన లాయరుగారొకరు నాంపల్లి కోర్టు దగ్గర, చాయ్ చల్లారేలోపు దాన్ని తేల్చేశారు. సెక్షన్ నంబరు తప్పుపడినంత మాత్రాన కేసు పోదట. దానివల్ల ముద్దాయి నిజంగా తప్పుదారి పట్టి, అన్యాయం జరిగి ఉండాలట. మధ్యలో చార్జి సవరించే అధికారం కోర్టుకు ఉండనే ఉంది. "అయినా రెండింట్లోనూ శిక్ష అదే కదమ్మా, ఉరి లేదా యావజ్జీవం" అన్నారు.

తిరుగు ప్రయాణంలో మెట్రోలో ఏడుపొక్కటే తక్కువ. నేరం పాత చట్టం కింద, ఎఫ్ఐఆర్ జూలై 1న కాబట్టి దర్యాప్తు కొత్త పద్ధతిలో అని ఆయన చివర్లో అన్న మాటే చెవిలో తిరుగుతోంది. ఆ తెల్లవారుజామున ఈ రెండింటినీ ఒకే కాగితం మీద పెట్టాల్సింది ఎవరు? స్టేషన్ రైటర్. కొత్త చట్టం పుస్తకం పక్కన పెట్టుకుని, ప్రతి లైనుకూ ఆగిపోతూ, శవం గురించి అందరికంటే ఎక్కువ కాగితాలు చూసినవాడు. నా డిటెక్టివ్‌ని, అతని నల్ల కోటుతో సహా, తీసి పారేశాను. హైదరాబాద్‌లో కోటేమిటి అసలు!

ఆ తర్వాత ఏడు నెలల్లో నవల పూర్తయింది. డీటీపీలో మాత్రం ఒక ప్రమాదం జరిగింది. హంతకుడి పేరు రవి నుంచి కిరణ్‌కి ఒకేసారి మార్చమన్నాను. ప్రూఫులో లాయరు అరవింద్ కాస్తా "అకిరణ్ంద్" అయి కూర్చున్నాడు. ఒక్క రవి మాత్రం ఎలా తప్పించుకున్నాడో, అచ్చులో అలాగే ఉన్నాడు.

మొదటి కాపీ చిన్నాయనకిచ్చాను. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు ఫోన్.

"సాక్షులుగా మధ్యవర్తులిద్దరి సంతకాలు పెట్టించినవ్, మంచిదే. పంచనామా ఎన్నింటికి మొదలై ఎన్నింటికి అయిపోయిందో రాయలేదేంది?"

హంతకుడెవరో ముందే కనిపెట్టావా అని అడిగాను.

"అది నాకెందుకు బిడ్డా? అది సార్ల పని."