యూరిక్ యాసిడ్ 8.1 అనగానే గుండెజబ్బేనా? నా అనుభవం

రక్తంలో ఉండే వ్యర్థ పదార్థమైన యూరిక్ యాసిడ్ నాకు 8.1 నుంచి 6.2కు దిగినట్లు నిన్న రిపోర్టు వచ్చింది. నాలాంటి వారికి పనికివస్తుందని ఇది వెంటనే రాస్తున్నాను.

మొదటిసారి మలక్‌పేటలో పరగడుపున రక్తం ఇచ్చి, సాయంత్రానికల్లా రిపోర్టు తెచ్చుకుంటే 8.1 అని ఉంది. ఆడవారికి సాధారణంగా 6 లోపు ఉండాలంటారు. గుండెకు మంచిది కాదని ఇరుగుపొరుగు భయపెట్టడంతో, మా అల్లుడిని వెంటబెట్టుకుని ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాను.

అక్కడి జూనియర్ డాక్టరు కాగితం చూసీ చూడగానే, పక్కన అల్లుడు నిలబడి ఉండగానే, బయటి వరుసలో కూర్చున్నవారికి కూడా వినబడేలా "మేడం, మందు అలవాటుందా? పాయా, కార్జం ఎక్కువ తింటారా?" అని అడిగాడు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి శాకాహారినని, ముప్పై ఏళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పిన మనిషినని చెబితే, "అందరూ మొదట ఇలాగే అంటారు" అని నవ్వాడు. అల్లుడు తల వంచుకున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతటితో ఆగక, గుండె ప్రమాదంలో ఉందంటూ ఎకో, ట్రెడ్‌మిల్ కలిపిన ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టి, పప్పు మానేయమని చెప్పి, కీళ్లనొప్పి ఒక్కటీ లేని నాకు యూరిక్ యాసిడ్ తగ్గించే ఫెబుక్సోస్టాట్ మాత్ర రాశాడు. గుండె పేరు చెప్పి రాసిన ఆ మందుకే, గుండె సంబంధ మరణాల విషయంలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో తీవ్ర హెచ్చరిక జోడించింది. ఇప్పటికే ఏ మాత్రలు వాడుతున్నారన్న ఒక్క ప్రశ్న మాత్రం అతని నోట రాలేదు. వయసులో పెద్దవారితో మాట్లాడే తీరు కూడా వైద్యంలో భాగమేనని వారికి ఎవరైనా నేర్పాలి.

మా కాలనీ డాక్టరుగారు మొదట నా మాత్రల అట్టలే చూపించమన్నారు. బీపీకి ఏళ్లుగా వాడుతున్న మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ ఉంది. అది మూత్రపిండాల ద్వారా యూరిక్ యాసిడ్ బయటకు పోకుండా అడ్డుకుంటుందట. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ తగ్గడం వల్ల కూడా ఆడవారిలో అది పెరుగుతుందని, పప్పు మానవలసిన పని లేదని చెప్పి, ఆ మాత్ర ఆపి లోసార్టన్ రాశారు. లోసార్టన్ బీపీతోపాటు యూరిక్ యాసిడ్‌నూ కొంత తగ్గిస్తుంది.

గుండె సంగతి కూడా ఆయన దాచలేదు. యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవారిలో గుండెజబ్బులు ఎక్కువగా కనిపించేది నిజమే కానీ, వారిలో చాలామందికి బీపీ, షుగరు, ఊబకాయం, మూత్రపిండాల బలహీనత కూడా ఉంటాయి కనుక, దోషం యూరిక్ యాసిడ్‌దేనని తేల్చలేమన్నారు. బ్రిటన్‌లో గుండెజబ్బు ఉండి గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్లవాపు) లేని, 60 ఏళ్లు దాటిన 5,700 మందికి పైగా రోగులపై జరిగి 2022లో వెలువడిన అధ్యయనంలో, అల్లోప్యూరినాల్‌తో యూరిక్ యాసిడ్ తగ్గించినా గుండెపోట్లు, పక్షవాతం, గుండె సంబంధ మరణాలు తగ్గలేదు.

కాబట్టి డాక్టరు దగ్గరకు మీ మాత్రల అట్టలన్నీ తీసుకువెళ్లండి. అయితే బీపీ మాత్రను మీ అంతట మీరు ఆపవద్దు. కాలి బొటనవేలి కీలు వాచి ఎర్రబడినా, మూత్రపిండాల్లో రాళ్లున్నా మందుల లెక్క వేరు. లోసార్టన్ మొదలుపెట్టాక రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది), పొటాషియం చూసుకోవాలని ఆయన చెప్పారు. నావి రెండూ సరిగానే ఉన్నాయి.