కాచి చల్లార్చిన నీళ్లు

నర్సింగ్ కాలేజీలో కమ్యూనిటీ హెల్త్ చెప్తాను. ఆ ఏడాది ఆరోగ్యం, అభివృద్ధి, మానవ హక్కులు కలిపి ఒక యూనిట్ చెప్పాల్సి వచ్చింది. మొదటి క్లాసులో 1948 నాటి మానవ హక్కుల ప్రకటన, అందులో ఆరోగ్యంగా బతకడానికి తగిన జీవన ప్రమాణం ప్రతి ఒక్కరి హక్కని చెప్పే 25వ అధికరణం, అందరికీ ప్రాథమిక ఆరోగ్య సేవలు అందాలన్న 1978 ఆల్మా అటా ప్రకటన వరసగా బోర్డు మీద రాశాను. పిల్లలు బుద్ధిగా నోట్సు రాసుకున్నారు. ఒక్క ప్రశ్న కూడా రాలేదు.

తర్వాతి వారం ఫీల్డ్ పోస్టింగ్. నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక ఊరికి వెళ్లాం. అక్కడి నేల రాళ్లలోని ఫ్లోరైడ్ భూగర్భ జలాల్లో కలుస్తుంది. పళ్ల మీద గోధుమరంగు చారలు, వంగిన నడుములు పిల్లలు అంతవరకూ పుస్తకంలోనే చూశారు. ఒకమ్మాయి అరుగు మీది ముసలామె దగ్గర కూర్చుని, మేం నేర్పిన మాటే చెప్పింది. "అవ్వా, నీళ్లు కాచి చల్లార్చి తాగండి."

"కాస్తే ఫ్లోరైడ్ పోతదా బిడ్డా?"

పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలిన వాటిలో అది ఇంకా చిక్కబడుతుంది. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. తప్పు తనది కాదు. క్రిముల కోసం పుట్టిన సలహాను ఊరు చూడకుండా చెప్పడం నేర్పింది నేనే. ఇంటికి నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నాయని, ఉపాధి పనికి పోయినకాడ మాత్రం పక్క చేను బోరు నీళ్లే దిక్కని అవ్వ చెప్పింది. "డబ్బాలు కొని చేను దాకా మోసుకపోతమా?"

తిరుగు బస్సులో ప్రశ్నలు మొదలయ్యాయి. ఆ బోరులో ఫ్లోరైడ్ ఎంత? ఎవరు పరీక్షిస్తారు? లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు తాగొచ్చని మన ప్రమాణం. కాలుష్యం లేని నీరు మన రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవే మాటలు క్లాసులో చెప్పుంటే నోట్సులో ఉండిపోయేవి. బస్సులో మాత్రం, "మరి అవ్వకెందుకు అందలేదు మేడం?" అని అడిగారు.

సమాచార హక్కు కింద దరఖాస్తు పెడదామన్నాను. అరపేజీ రాయడానికి మూడు సాయంత్రాలు పట్టింది. "నీళ్లు ఎందుకు బాగుచేయలేదు?" అని మొదట రాశారు. అలా అడిగితే జవాబు రాదు, రికార్డు అడగాలి. ఏ బోరు నీళ్లు ఏ తేదీన పరీక్షించారు, ఫలితమెంత, నకలు ఇవ్వండి అని మార్చాం. పిల్లలకు ఇబ్బంది రాకూడదని నా పేరుతోనే పంపాను. 30 రోజులు గడిచినా జవాబు లేదు. చాలా టెన్షన్ పడ్డాను. అప్పీలు చేశాక జాబితా వచ్చింది. అందులో ఊళ్లోని చేతిపంపులన్నీ ఉన్నాయి. అవ్వ తాగే చేను బోరు లేదు.

అప్పుడు అదే అమ్మాయి ఉపాధి హామీ చట్టం రెండో షెడ్యూల్ తెచ్చి చూపించింది. పనిచోట సురక్షితమైన తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని అందులో ఉంది. దాని నకలు, పరీక్షల జాబితా రెండూ పట్టుకుని పంచాయతీకి వెళ్లాం.

తర్వాతి పోస్టింగుకు పనిచోట వేపచెట్టు కింద రెండు నీళ్ల క్యాన్లు కనిపించాయి. చెరువు అవతల ఇంకో గుంపు పనిచేస్తోంది. వాళ్లకు ఇంకా రాలేదు. పిల్లలు అక్కడే నేల మీద కూర్చుని రెండో అర్జీ రాయడం మొదలుపెట్టారు.