రౌటర్‌కి పింగ్ కొట్టకుండా నెట్ ఆయన్ని తిట్టొద్దు

మా చుట్టాల్లో ఎవరింట్లో నెట్ ఆగినా ముందు తిట్లు తినేది కనెక్షన్ ఇచ్చినాయన, ఆ తర్వాత ఫోన్ వచ్చేది నాకు. ఫోన్లో చెప్పే మాట ఎప్పుడూ ఒకటే, "నెట్ పోతా వస్తా ఉంది". ఇంతకు మించి ఒక్క ముక్క చెప్పరు. ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్య గాలిలో తెగతా ఉందా, రౌటర్ నించి బయటికి పోయే ఫైబర్లో తెగతా ఉందా, లేకపోతే ల్యాప్‌టాప్ తనంతట తనే కరెంటు మిగిల్చుకుందామని వైఫై కార్డుని పడుకోబెట్టిందా, ఇవన్నీ వేరే వేరే సమస్యలు, కానీ స్క్రీన్ మీద కనపడేది మాత్రం ఒకటే, గిర్రున తిరిగే ఆ గుండ్రం. కొళాయిలో నీళ్ళు రాకపోతే మా తిరుపతికి నీళ్ళిచ్చే కల్యాణి డ్యామ్ ఎండిపోయిందేమో అని ఎవరూ అనుకోరు కదా, ముందు మిద్దెక్కి ట్యాంకులో ఉన్నాయా లేదా చూస్తారు. నెట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ నేరుగా డ్యామ్ మీదే పడతారు.

ఈ మధ్య భవానీనగర్లో మా పిన్ని వాళ్ళింట్లో ఇదే రామాయణం. వాళ్ళబ్బాయికి బెంగళూరు కంపెనీలో ఉద్యోగం, వారంలో సగం రోజులు ఇంటి నించే పని. మీటింగ్ మధ్యలో వాడి మొహం బిగుసుకుపోతుంది, గొంతు రోబోలాగా అవుతుంది, కాసేపటికి మొత్తం పోతుంది, మళ్ళీ దానంతట అదే వస్తుంది. నెట్ ఆయన వచ్చినాడు, రౌటర్ మార్చినాడు, అయినా అంతే. అప్పుడు ఎవరో పెద్ద ప్లాన్‌కి మారమని సలహా ఇస్తే అదీ మారినాడు. ఈ ప్లాన్ మార్చే సలహా ఇచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వీడియో మీటింగ్‌కి మూడు నాలుగు ఎంబీపీఎస్ ఉంటే చాలు, తెగిపోయే లైన్‌కి వంద ఎంబీపీఎస్ పెట్టినా తెగిపోయేదే.

నేను పోయి చేసిన మొదటి పని, నల్ల విండోలు రెండు పక్కపక్కన తెరవడం. కమాండ్ ప్రాంప్ట్ అంటారే, అదే. అందులో ముందు ఐపీకాన్ఫిగ్ అని కొడితే డీఫాల్ట్ గేట్‌వే అని ఒక అడ్రస్ చూపిస్తుంది, చాలా ఇళ్ళల్లో 192.168.1.1 ఉంటుంది, అదే మన రౌటర్. పింగ్ అంటే అవతలి మెషిన్‌ని ఉన్నావా అని అడిగి, జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో చూడటం. ఒక విండోలో పింగ్ అని కొట్టి స్పేస్ ఇచ్చి ఆ అడ్రస్, మళ్ళీ స్పేస్ ఇచ్చి హైఫన్ పక్కన చిన్న టీ. ఆ టీ పెడితే మనం ఆపేదాకా అడగతానే ఉంటుంది. రెండో విండోలో అదే కమాండ్, అడ్రస్ మాత్రం 8.8.8.8, అది గూగుల్ వాళ్ళ డీఎన్ఎస్, అంటే వెబ్‌సైట్ పేర్లకి అడ్రస్‌లు చెప్పే సర్వర్, బయట ప్రపంచం అనుకోండి. రెండూ అట్లా ఒదిలేసి, వాణ్ణి వాడి పని వాడు చేసుకోమని చెప్పి, నేను పిన్ని ఇచ్చిన కాఫీ తాగతా కూర్చున్నా.

బాగా ఉన్నప్పుడు రౌటర్ విండోలో టైమ్ 2 మిల్లీసెకండ్లు, 3 మిల్లీసెకండ్లు అని వరసగా పోతా ఉంటుంది. ఒకే ఇంట్లో పక్క గదికి పోయి రావడానికి అంతకంటే ఎక్కువ పట్టకూడదు. ఇక్కడ మాత్రం 3, 4, 2 అని వచ్చి ఉన్నట్టుండి 380, 900, ఆ తర్వాత రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అని వరసగా లైన్లు, మళ్ళీ 4. పక్క విండోలో కూడా సరిగ్గా అప్పుడే తెగింది. రౌటర్ విండో శుభ్రంగా ఉండి రెండోది ఒక్కటే తెగితే అప్పుడు నెట్ ఆయనకి ఫోన్ చేయొచ్చు, రౌటర్ మీద ఎల్ఓఎస్ అనే లైటు, అంటే ఫైబర్లో సిగ్నల్ రావడంలేదని చెప్పేది, ఎర్రగా వెలిగితే ఇంక సందేహమే లేదు, ఫైబర్ వైరే. రెండూ కలిసి తెగితే తప్పు మన ఇంటి నాలుగు గోడల మధ్యే ఉంది, పాపం ఆయన వచ్చినా చేసేదేం లేదు.

"అయితే రౌటర్ మళ్ళీ మార్చమందామా అన్నా" అన్నాడు వాడు. రేయ్, ముందు నీ ఫోన్ తెచ్చి ల్యాప్‌టాప్ పక్కనే పెట్టు, అదే వైఫైలో వీడియో పెట్టు అన్నా. ఫోన్లో వీడియో ఆగకుండా పోతానే ఉంది. ఇది చిన్న పరీక్షే గానీ దీంతో సగం అనుమానాలు తీరిపోతాయి. ఒకే చోట ఫోన్ బాగా ఉండి ల్యాప్‌టాప్ తెగతా ఉందంటే గొడవ ఎక్కువగా ల్యాప్‌టాప్‌దే. అట్లాగని రౌటర్ పెట్టిన చోటు బాగుందని కాదు, అది ఇంకో ఘోరం. హాల్లో వైరు లోపలికొచ్చే మూల, దాని ముందర ఇనప బీరువా, బీరువాకి నిలువెత్తు అద్దం. ఇనుము వైఫైని వెనక్కి కొట్టేస్తుంది, అద్దం వెనక పూత కూడా లోహమే. దాన్ని జరుపుదాం పిన్నీ అంటే "ఆ డబ్బా యాడ పెడితే ఏమి నాయనా, గాలే కదా, యాడికైనా పోతాది" అనింది. గాలి పోతుంది గానీ వైఫై పోదు. చివరికి వైరు కాస్త లాగి బీరువా పక్క గోడకి, తలకంటే ఎత్తులో కొట్టినాం.

ఇంక గాలి సంగతి. వైఫై వాడే రేడియో బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్ అనేది మన దేశంలో 2005 నించి లైసెన్స్ లేకుండా ఎవరైనా వాడుకోవచ్చు, అందుకే అందరూ అందులోనే ఉంటారు, వైఫై, బ్లూటూత్ మౌస్, వైర్ లేని కీబోర్డు, వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ చుట్టుపక్కలే పనిచేస్తుంది. పేరుకి 13 ఛానెళ్ళు. ఒక్కో ఛానెల్‌కి మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, వైఫైకి కావాల్సిన వెడల్పేమో 20, కాబట్టి ఒకదానికొకటి తగలకుండా మామూలుగా వాడేవి 1, 6, 11. ఒకే ఛానెల్లో ఇద్దరుంటే కనీసం ఒకరి మాట ఒకరు విని వంతులేసుకుంటారు, పక్క పక్క ఛానెళ్ళలో ఉంటే ఒకరికొకరు వట్టి గోలే. అందుకే 3లోనో 4లోనో కూర్చున్న రౌటర్ అటు 1ని, ఇటు 6ని, రెండింటినీ చెడగొడుతుంది. ఫోన్లో వైఫై ఎనలైజర్ యాప్ పెట్టి చూస్తే పిన్ని వాళ్ళ వీధిలో ఎటు చూసినా హాస్టళ్ళ పేర్లే, పైన కింద పక్కన అన్నీ 6 మీదే గుంపుగా ఉన్నాయి, 11 దాదాపు ఖాళీ. రౌటర్ సెట్టింగ్స్‌లో ఆటో తీసేసి 11 పెట్టినా, వెడల్పు 40 ఉంటే 20కి దించినా. 13 కూడా ఖాళీగానే ఉంది గానీ పెట్టలేదు, ఎందుకంటే అమెరికా నించి తెచ్చిన ల్యాప్‌టాప్‌లు కొన్ని 12, 13 ఛానెళ్ళని అసలు చూడవు, అక్కడ మామూలుగా 11 వరకే వాడతారు. మన తిరుపతిలో ఇంటికొకరు అమెరికాలో ఉన్నారు కాబట్టి ఇది గుర్తుపెట్టుకోవాల్సిన విషయమే, "మామ తెచ్చిన కొత్త ల్యాప్‌టాప్‌లో మన వైఫై పేరే రావడంలేదు" అంటే ముందు ఛానెల్ చూడండి.

ఆటో మీద నాకు ఇంకో అనుమానం ఉంది. చాలా రౌటర్లు ఆన్ అయినప్పుడే ఛానెల్ ఎంచుకుంటాయి. కరెంటు పోయి వచ్చినప్పుడు వీధిలో రౌటర్లన్నీ ఒకేసారి లేస్తాయి, ఆ క్షణాన గాలి ఖాళీగా కనపడుతుంది, అన్నీ పోయి ఒకే చోట కూర్చుంటాయి. ఎండాకాలం కరెంటు పోయొచ్చాక నెట్ ఇంకా అధ్వాన్నంగా ఉండేది దీనివల్లే అయ్యుండొచ్చని నా లెక్క.

పక్కింటి పెద్దాయనొకరు మధ్యలో వచ్చి తిరుపతి దగ్గరుండే గాదంకి రాడార్ వల్లే ఇదంతా అని తేల్చేసినాడు. ఆయనకి నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. గాదంకిలో ఉండే పెద్ద రాడార్ పనిచేసేది 53 మెగాహెర్ట్జ్ మీద, వాతావరణం పై పొరల్లో గాలి ఎటు వీస్తుందో చూడటానికి, మన వైఫై ఉండేది 2400 పైన, దానికీ దీనికీ పొత్తే లేదు. అయితే పూర్తిగా కొట్టిపారేసే మాట కూడా కాదులెండి. వైఫై వాడే ఇంకో బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్‌లో 52 నించి 144 వరకు ఛానెళ్ళలో కూర్చున్న రౌటర్‌కి రాడార్ లాంటిదేదైనా వినపడితే ఆ ఛానెల్ ఒదిలేసి వేరేదానికి పోవాలనే నియమం చాలా రౌటర్లలో ఉంటుంది, పోయిన చోట కూడా మళ్ళీ నిమిషం సేపు వినాల్సి రావచ్చు. ఆ గొడవ లేకుండా 36 నించి 48 మధ్యలో ఒకటి పెట్టేస్తే సరి. పనిచేసే గది రౌటర్‌కి ఒక గోడ దూరంలో ఉంటే 5 గిగాహెర్ట్జే మేలు, రెండు గోడలో, మధ్యలో స్లాబో అడ్డమొస్తే దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇన్ని చేసినా వాడి ల్యాప్‌టాప్ తెగతానే ఉంది, ముందుకంటే తక్కువ, అంతే. అప్పుడు ల్యాప్‌టాప్ లోపలికి దిగినాం. డివైస్ మేనేజర్లో వైఫై కార్డు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ అనే ట్యాబ్‌లో కరెంటు మిగల్చడానికి ఈ డివైస్‌ని ఆపొచ్చు అనే టిక్కు ఉంటుంది, అది తీసేసినా. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబే ఉండదు, అప్పుడు వెతికి లాభంలేదు. ఎడమ పక్క యూఎస్‌బీ 3 పోర్టుకి హార్డ్ డిస్క్ ఎప్పుడూ తగిలించే ఉంది, అదీ పీకించినా. యూఎస్‌బీ 3 పనిచేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రొద పుట్టిస్తుందని ఇంటెల్ వాళ్ళే 2012లో రాసి పెట్టినారు. డ్రైవర్‌ని ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నించి దించి వేసినా. నెట్‌వర్క్ రీసెట్ మాత్రం చేయలేదు, అది ఊరికే కంగారుపడి నొక్కే బటన్, దాంతో వాడి ఆఫీసు వీపీఎన్ సెట్టింగ్స్ కూడా పోయే ప్రమాదముంది.

అసలు దొంగ దొరికింది వాడు అనుకోకుండా చేసిన పనిలో. వెలుతురు పడతా ఉందని మూత కాస్త వెనక్కి వంచినాడు, పింగ్ విండోలో వెంటనే టైమ్డ్ అవుట్. ముందుకి తెచ్చినాడు, 4 మిల్లీసెకండ్లు. మళ్ళీ వంచమన్నా, మళ్ళీ పోయింది. రేయ్, దీనికి స్క్రీన్ ఏమన్నా మార్పించినావా అని అడిగితే, అవునన్నా, మూత మడిచే చోట ఒక పక్క హింజ్ విరిగితే సంక్రాంతికి ముందు షాపులో ఇచ్చినా అన్నాడు. ఎప్పటినించి తెగతా ఉంది అంటే, సంక్రాంతి నించే అంటాడు. ఈ ముక్క మొదట్లోనే చెప్పుంటే ఆ బీరువాతో కుస్తీ తప్పేది.

ల్యాప్‌టాప్ వైఫై యాంటెన్నాలు చాలా మోడళ్ళలో మూతలో, స్క్రీన్ చుట్టూ ఉంటాయి. అక్కడి నించి సన్నటి వైర్లు రెండు, సాధారణంగా ఒకటి నల్లది, ఒకటి తెల్లది, హింజ్ గుండా కిందికి దిగి కార్డు మీదికి వస్తాయి. కరెంటు తీసి, కింది మూత స్క్రూలు ఊడదీసి, బ్యాటరీ కనెక్టర్ పీకి చూస్తే, నల్ల వైరు కార్డుకి సరిగ్గానే ఉంది, తెల్ల వైరు కొసన ఉండే చిన్న గుండ్రటి టోపీ మాత్రం దాని గుబ్బ మీద సగం ఎక్కి సగం పక్కకి వాలి ఉంది. మూత కదిలినప్పుడల్లా వైరు లాగుతా ఉంది, టోపీ లేస్తా ఉంది. దాన్ని గుబ్బకి సరిగ్గా ఎదురుగా పెట్టి బొటనవేలి గోరుతో నిలువుగా నొక్కాలి, పక్కనించి నెట్టకూడదు, నెడితే గుబ్బే ఊడి వస్తుంది, అప్పుడు కార్డు మార్చుకోవాల్సిందే. టక్ మని కూర్చుంది. వైరు వదులుగా ఉండేట్టు హింజ్ దగ్గర కాస్త మలిచి, ఎప్పటిలాగా టేపు వేసినా.

మూత బిగించి ఆన్ చేస్తే, నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో ఇంటర్‌ఫేసెస్ (netsh wlan show interfaces) అనే కమాండ్‌లో 40 శాతం దగ్గర ఆడతా ఉండిన సిగ్నల్ 80 దాటింది, కుర్చీ కూడా జరపలేదు. శాతాలు చూడటం మీకు చిరాగ్గా ఉంటే ఫోన్ యాప్‌లో డీబీఎం, అంటే సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క, చూసుకోండి, మైనస్ 50 అంటే బాగా దగ్గర, మైనస్ 67 వరకు వీడియోకి పర్వాలేదు, మైనస్ 75 దాటితే కష్టాలు మొదలు. ప్రతి 3కీ బలం సగమైపోతుంది, కాబట్టి 67కీ 76కీ తేడా చిన్నదేం కాదు, ఎనిమిదో వంతుకి పడిపోయినట్టు.

వాడి మీటింగులు ఇప్పుడు తెగడంలేదు. కరెంటు పోయినప్పుడు రౌటర్ ఆగకుండా ఒక చిన్న యూపీఎస్ కూడా పెట్టించినా, రౌటర్ అడాప్టర్ మీద 12 వోల్టులని రాసుందా 9 అని రాసుందా చూసుకుని కొనాలి, తేడా అయితే రౌటర్ కాలిపోవచ్చు. కరెంటు లేనప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ ఉంది కదా అన్నాడు వాడు, బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజు హాట్‌స్పాట్ పెట్టి ఒక మీటింగ్ చేసి చూపించు, అప్పుడు మాట్లాడదాం అన్నా. నెట్ ఆయన మాత్రం మొన్న కనపడి, మీ పిన్ని వాళ్ళింటి నించి కంప్లైంట్లు రావడంలేదే, కనెక్షన్ మార్చేసినారా ఏంది సార్ అని అడిగినాడు.